ఇప్పచెట్టు: అడవి తిండి, ఆబ్కారీ చట్టం

ఇప్ప మధ్యభారతం, దక్కను, తూర్పు కనుమల పొడి అడవుల్లో పెరిగే పెద్ద చెట్టు. శాస్త్రీయ నామం మధుకా లాంగిఫోలియా. సపోటాకు దగ్గర చుట్టం. ఉత్తరాదిన దీన్ని మహువా అంటారు, తమిళనాట ఇలుప్పై అంటారు, సంస్కృత వైద్య గ్రంథాల్లో ఇది మధూకం. గోండులు, కోయలు, సంతాలులు, భిల్లులు తరతరాలుగా దీని పువ్వు తిన్నారు, గింజల నుంచి నూనె తీశారు, సారా కాచారు, పెళ్లి పందిట్లో దీని కొమ్మ నాటారు. పంతొమ్మిదో శతాబ్దపు ప్రభుత్వానికి మాత్రం ఇందులో సారా ఒక్కటే కనబడింది. గత నూట యాభై ఏళ్ల ఇప్ప చరిత్రను నడిపించింది ఎక్కువగా ఈ రెండు చూపుల మధ్య పెనుగులాటే.

పువ్వు రాలే కాలం

ఆకురాలిన కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలు వేసి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పూస్తుంది. రాత్రి విచ్చిన పువ్వు తెల్లవారేసరికి నేల మీద ఉంటుంది. రాలేది మొత్తం పువ్వు కాదు. లేత పసుపు రంగులో, కండ పట్టి, తేనె వాసన వేసే ఆకర్షక పత్రాల గిన్నె ఒక్కటే రాలుతుంది. అండాశయం కొమ్మనే అంటిపెట్టుకుని కాయగా మారుతుంది. కాబట్టి పువ్వు ఏరుకుంటే కాయ పోదు, కొమ్మ విరగదు, చెట్టెక్కే పనే లేదు. ఒకే కొమ్మ వేసవి మొదట్లో పువ్వును, వానలకు ముందు గింజను ఇస్తుంది.

ఆడవాళ్లు, పిల్లలు చీకటితోనే గంపలు పట్టుకుని బయలుదేరతారు. ఆలస్యమైతే పశువులు, జింకలు తినేస్తాయి. ఎలుగుబంటికి ఈ పువ్వంటే ప్రాణం, అందుకే ఒంటరిగా వెళ్లరు. ఏరిన పువ్వును అలికిన వాకిట్లో పరిచి ఎండబెడితే నాలుగైదు రోజుల్లో ముడుచుకుని, ఎండుద్రాక్షలా గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. తడి తగలకుండా దాచుకుంటే వానాకాలంలో, ఇంట్లో గింజలు నిండుకున్న రోజుల్లో అదే ఆధారం. జొన్నలతో ఉడికించి తింటారు, వేయించి నువ్వులతో కలిపి దంచుతారు. 1873-74 బిహార్ కరువులో ఎన్నో ప్రాణాలు ఈ పువ్వు తిని నిలిచాయని ముంగేరు జిల్లాలో పనిచేసిన ఎడ్వర్డ్ లాక్‌వుడ్ అనే అధికారి రాశాడు.

పోడు కొట్టేటప్పుడు మిగతా చెట్లు నరికినా ఇప్పను వదిలేయడం మధ్యభారతమంతటా ఆచారం. చేను ఒకరిదైనా అందులోని ఇప్ప మరో కుటుంబానిది కావచ్చు. ఏ చెట్టు కింద ఎవరు ఏరుకోవాలో ఊరికి తెలుసు, ఆ హక్కు తండ్రి నుంచి పిల్లలకు వస్తుంది. భూమికి పట్టా అనే మాట పుట్టకముందే చెట్టుకు ఇలాంటి ఒప్పందం ఉండేది. అటవీ చట్టాలు దీన్ని గుర్తించకపోవడం పెద్ద అన్యాయమని నా అభిప్రాయం.

దేవుడి వాటా

ఏ కొత్త పంటనైనా, అడవి ఫలాన్నైనా దేవతలకు, చనిపోయిన పెద్దలకు పెట్టిన తర్వాతే నోట పెట్టుకోవడం గోండు, కోయ పల్లెల్లో నియమం. సంతాలుల బాహా పండుగలో సాల పువ్వుతో పాటు ఇప్పపువ్వును దేవతలకు అర్పిస్తారు. అంతదాకా ఆ ఏటి కొత్త పువ్వును వాడరు. ఇప్పసారా తాగే ముందు నాలుగు చుక్కలు నేల మీద ధార పోస్తారు. పుట్టుక, సంబంధం ఖాయం చేసుకోవడం, పెళ్లి, తగవు తీర్పు, దినం, ఏ సందర్భానికైనా అది ఉండాలి. దేవతకు ఇచ్చే వస్తువు, మనిషికిచ్చే మర్యాద, సాక్ష్యం, అన్నీ అదే. చెట్టు తొర్రలో నిలిచిన నీళ్లలో పువ్వులు రాలి పులిసిపోతే, ఆ నీళ్లు తాగి తూలుతున్న పిట్టలను చూసి మనిషి సారా నేర్చాడనే కథ మధ్యభారత తెగల్లో రకరకాలుగా చెప్పుకుంటారు. వెరియర్ ఎల్విన్ ఇటువంటి పుట్టుక కథలెన్నో సేకరించి 1949లో ప్రచురించాడు.

తమిళదేశంలో చెట్టు అదే అయినా చూపు వేరు. అక్కడ ఇలుప్పై ముఖ్యంగా దీపపు నూనె చెట్టు. కొన్ని శివాలయాల్లో అది స్థలవృక్షం, గుడి దీపాలకు దాని నూనె వాడేవారు. చెరకు గానుగ లేని ఊళ్లో ఇలుప్పై పువ్వే చక్కెర అనే సామెత ఇప్పటికీ తమిళుల నోట వినబడుతుంది.

అధికారుల కళ్లలో

ఈస్టిండియా కంపెనీ మనుషులు మొదట దీన్ని ఆసక్తితోనే చూశారు. 1788లో కలకత్తాలో వెలువడిన ఏషియాటిక్ రీసెర్చెస్ తొలి సంపుటంలో చార్లెస్ హామిల్టన్ ఈ చెట్టు మీద ఒక వ్యాసం రాశాడు. సామర్లకోటలో ఉంటూ గోదావరి ప్రాంతపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో ప్రచురణ మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీన్ని బాసియా లాటిఫోలియా పేరుతో బొమ్మతో సహా చేర్చాడు. మొక్కలకు తెలుగువారి పేర్లు కూడా నమోదు చేయడం ఆయన అలవాటు. ఆ పరిశోధనకు ఆధారం ఇక్కడి జనం తెలివిడేనని గుర్తుపెట్టుకోవాలి.

ఆసక్తి పోయి అనుమానం వచ్చింది ఆబ్కారీ ఆదాయం పెరిగాకే. ఎవరికి వారు ఇంట్లో కాచుకుంటే సర్కారుకు పన్ను రాదు. 1878లో బొంబాయి ఆబ్కారీ చట్టం, 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చాయి. గోదావరి మన్యంలో ఇలాంటి ఆంక్షే చెట్టు కల్లు మీద పడింది. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను వేయడం 1879 రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి.

బొంబాయి ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకు వేసి 1892లో మౌరా చట్టం తెచ్చింది. ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు సేకరణ, నిల్వ, అమ్మకాలకు పగ్గాలు వేసిన చట్టమది. సారాను ఆపడానికి పువ్వునే నేరం చేశారు. అప్పటి భారతీయ పత్రికలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. అదే రోజుల్లో బొంబాయికి ఎదురుగా ఉన్న ఉరణ్‌లో, ప్రభుత్వ అనుమతితో నడిచే భట్టీలు పంచమహల్ వైపు నుంచి ఇప్పపువ్వు తెప్పించుకుని సారా కాస్తున్నాయి. కొండవాడి కుండలోని పువ్వు నేరమైంది, గుత్తేదారు భట్టీలోని పువ్వు ఆదాయమైంది. మత్తు మాన్పించడమే చట్టం ఉద్దేశమనే వాదన ఈ ఒక్క సంగతి ముందు నిలబడదు. ఇప్పసారా వల్ల కుటుంబాలకు నష్టమే లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ నష్టానికి మందు వేయాల్సిన చోట ప్రభుత్వం తిండి లాక్కుందనే చెబుతున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పేలుడు మందు తయారీకి అవసరమైన ఎసిటోన్ కోసం నాసిక్‌లో కర్మాగారం కట్టినప్పుడు, ముడిసరుకుగా ఎంచుకున్నది ఈ పువ్వునే.

నూనె, చెక్క

వానలకు ముందు రాలే ఇప్పకాయ పైకండను కూర వండుకుంటారు. గింజ పగలగొట్టి పప్పు తీసి, ఎండబెట్టి, గానుగాడిస్తే చల్లదనానికి గడ్డకట్టే నూనె వస్తుంది. వంటకు, దీపానికి, చలికాలం ఒంటికి పూసుకోవడానికి, సబ్బు పరిశ్రమకు అదే. మిగిలిన చెక్కను పశువులకు నేరుగా పెట్టరు, అందులో సాపోనిన్లు ఉంటాయి. అవి చేపల మొప్పల ద్వారా రక్తంలో చేరి ఎర్రకణాలను చిట్లగొడతాయి. వాగుల్లో చేపలు పట్టడానికి అడవి జనం వాడిన ఈ గుణాన్నే ఇప్పుడు చేపల పెంపకంలో వాడుతున్నారు. చేపపిల్లలను వదిలే ముందు చెరువులోని కలుపు చేపలను తొలగించడానికి హెక్టారుకు సుమారు 2,500 కిలోల ఇప్పచెక్క చల్లాలన్నది ప్రామాణిక సిఫార్సు. రెండు మూడు వారాలకు విషం విరిగి, అదే చెక్క ఎరువవుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇంగ్లండ్, అమెరికా గోల్ఫ్ మైదానాల్లో వానపాములను బయటికి రప్పించడానికి కూడా దీని పొడి చల్లేవారు.

స్వాతంత్ర్యం తర్వాత

1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆంధ్ర ఏజెన్సీల్లో అటవీ ఉత్పత్తులు కొనడం మొదలుపెట్టింది. 1979 నాటి రెగ్యులేషన్ షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ వ్యాపారాన్ని ప్రైవేటు షావుకార్ల చేతుల్లోంచి తప్పించడానికి వచ్చింది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు సేకరించేవారిదేనని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. 1892 చట్టాన్ని పక్కనే పెట్టుకుని పోల్చి చదివితే ఈ వాక్యం బరువు తెలుస్తుంది. ఎండు ఇప్పపువ్వుకు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర 2020లో కిలోకు 17 రూపాయల నుంచి 30కి పెరిగింది.

సారా విషయంలోనూ గాలి మారింది. మధ్యప్రదేశ్ దీన్ని వారసత్వ మద్యంగా గుర్తించి ఆదివాసీ సంఘాలకు తయారీ అనుమతులిచ్చింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం పువ్వుతో లడ్డూలు చేస్తోంది. ఆదిలాబాద్ మహిళల ఇప్పపువ్వు వంటకాలను 2025 మార్చిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. కాచుకునే హక్కు విషయంలో మాత్రం రాష్ట్రానికో తీరు నడుస్తోంది.

చెట్టు మీద కొత్త ఒత్తిడి కూడా ఉంది. పువ్వు తేలిగ్గా కనబడాలని చెట్టు కింద ఆకులు తగలబెట్టడంతో మొలకలు మాడిపోతాయి, అడవికి నిప్పు పాకుతుంది. గింజ కూడా మిగలకుండా ఏరుతుంటే మొలిచేదే తక్కువ. చాలాచోట్ల ముదురు చెట్లే తప్ప లేత ఇప్పలు కనబడవు. నాటిన మొక్క పూతకు రావడానికి పదేళ్ల దాకా పడుతుంది కాబట్టి నర్సరీల వాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. నేల శుభ్రం చేయనక్కర లేకుండా కొమ్మల కింద వలలు కట్టి పువ్వు పట్టే పద్ధతి ఛత్తీస్‌గఢ్‌లో మొదలైంది. దుమ్ము అంటని ఆ పువ్వుకు ధర కూడా ఎక్కువ పలుకుతోంది.