రంగు గోడను పాడుచెయ్యని టేపు

రంగు వేసిన గోడకు అంటించి, పని అయ్యాక రంగు లేవకుండా, బంక మరక మిగలకుండా తీసెయ్యగల అంటుపట్టీని రంగుల కొట్లో మాస్కింగ్ టేపు అంటారు. నీలి రంగు పెయింటర్ల టేపు, వాషి టేపు దీని తరువాతి రూపాలు. ఎంత గట్టిగా అంటుకుందన్నదాని కంటే ఎంత శుభ్రంగా వదిలిందన్నదే దీనికి గీటురాయి. వదలడమనేది గోడ మీద కూడా ఆధారపడుతుంది కనుక టేపు చరిత్రను గోడ చరిత్రతో కలిపి చదవాలి. కాకినాడ జిల్లా పెద్దాపురం లాంటి పాత ఊళ్లో సున్నపు గోడల పెంకుటిల్లు, డిస్టెంపరు వేసిన డాబా, ఎమల్షన్ వేసిన కొత్త అపార్టుమెంటు ఒకే వీధిలో కనిపిస్తాయి. ఒకే టేపు ఆ మూడు చోట్లా మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది.

టేపు రాక ముందు

గోదావరి జిల్లాల పాత ఇళ్లలో ఇటుక గోడకు సున్నం గచ్చు, దాని మీద ఏటా వెల్ల. సున్నపురాయినో సముద్రపు గుల్లనో కాల్చి, నీళ్లు చల్లి విరిగేలా చేసి, నానబెట్టి వడగట్టేవారు. పట్టు కోసం కాస్త తుమ్మ జిగురు, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు కలిపి పీచు కుంచెతో పూసేవారు. సంక్రాంతి ముందో, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడో ఈ పని పడేది. పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. అయినా పై పొర చేతికి, చొక్కాకు అంటుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి పొర మీద పొర పడ్డాక, వానాకాలపు చెమ్మకు లోపలి పొరలు పట్టు వదిలి పెచ్చులు లేస్తాయి.

అలాంటి గోడ మీద ఏ టేపూ నిలవదు. అది గోడను పట్టుకునే బదులు పొడిని పట్టుకుని ఊడివస్తుంది. అందుకే ఆ గోడలకు తడి బంకలే సరిపోయాయి. ఉడికించిన మైదా, చింతగింజల పిండి నీళ్లతో కలిసి సున్నంలోకి ఇంకి ఆరేవి. తీయాలంటే తడిపితే చాలు, మిగిలిన మరక మరుసటి ఏటి వెల్ల కింద మరుగున పడేది. సినిమా పోస్టర్లు తరాల తరబడి మైదా బంకతోనే గోడలెక్కాయి. దేవుడి పటాలకు మేకు, కాలెండరుకు మరో మేకు. గోడకు గాయమైతే ఏటా మాన్పే ఏర్పాటు ఆ పద్ధతిలోనే ఉండేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి, తరువాత వచ్చిన రంగులకు ఆ సౌకర్యం లేదు.

కారు రంగు కోసం పుట్టిన టేపు

మాస్కింగ్ టేపు పుట్టింది గోడ కోసం కాదు. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లకు గిరాకీ పెరిగింది. రెండో రంగు కొట్టేటప్పుడు మొదటి రంగును కప్పి ఉంచాలి. పనివాళ్లు పాత కాగితాలను బంకతోనో, గాయాలకు వేసే ప్లాస్టరుతోనో అంటించేవారు. తీసేటప్పుడు అప్పుడే వేసిన రంగు దానితోపాటు లేచివచ్చేది, పనంతా మొదటికొచ్చేది.

మినెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో, తరువాత త్రీఎం అని పేరుపడిన ఉప్పుకాగితాల కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే యువకుడు ప్రయోగశాల సహాయకుడు. కొత్త రకం ఉప్పుకాగితాన్ని పరీక్షకు ఇవ్వడానికి కారు షెడ్డుకు వెళ్లి, రంగు లేచిపోయిన పనివాడి చిరాకు కళ్లారా చూశాడు. తాను టేపు చేసిపెడతానని మాటిచ్చాడు. టేపుల గురించి అప్పటికి అతనికీ, అతని కంపెనీకీ ఏమీ తెలియదు. ఆ పని మానుకోమని పైఅధికారి విలియం మెక్‌నైట్ చెప్పినా డ్రూ వదల్లేదు. వడ్రంగులు వాడే వజ్రం అనే జిగురు ఆరిపోకుండా గ్లిజరిన్ కలపడం, వంపుల వెంట సాగడానికి క్రేప్ అనే ముడతల కాగితం వాడడం అతనికి దారి చూపాయి. 1925లో టేపు సిద్ధమైంది.

తొలి నమూనాలకు బంక రెండు అంచుల వెంటే ఉండేదట. రంగు వేస్తుండగా అది జారిపోతే, ఇంత పిసినారితనం ఏమిటని ఒక పెయింటరు ‘స్కాచ్’ అని తిట్టాడనీ, ఆ మాటే బ్రాండు పేరైందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. 1930లో డ్రూయే పారదర్శకమైన సెలొఫేన్ టేపు తెచ్చాడు. మన ఇళ్లలో సెలోటేపు అనే మాటకు మూలం ఆ సెలొఫేనే. ఈ రెండో టేపు సెలొఫేన్ పొట్లాలను మూయడానికి ఉద్దేశించినది. గోడ మీద దాన్ని వాడడమే చాలా నష్టాలకు మొదలు.

గోడ మారాక

సున్నం స్థానంలో సిమెంటు ప్లాస్టరు, దాని మీద డిస్టెంపరు, ఆ తరువాత లప్పం, ప్రైమరు, ఎమల్షన్ వచ్చాయి. డిస్టెంపరులో సుద్దపొడి పాలు ఎక్కువ, పట్టు తక్కువ. టేపు తీస్తే పొడిలా రాలుతుంది. ఎమల్షన్ ఆరాక పలుచని ప్లాస్టిక్ పొరలా తయారవుతుంది, అందువల్ల లేస్తే పట్టీలా లేస్తుంది, ఒక్కోసారి కింది లప్పంతో సహా. రంగు వేసిన కొద్ది గంటలకే చేతికి ఆరినట్టు తోస్తుంది గానీ లోపల పూర్తిగా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. గృహప్రవేశం నాడు కొత్త గోడలకు కాగితపు తోరణాలు టేపుతో అంటించేవారు ఎక్కువగా నష్టపోయేది ఈ గడువు తెలియకే.

మాస్కింగ్ టేపు బంక రబ్బరు, జిగురు కలిసిన మెత్తని పదార్థం. అది ఆరదు, గోడ సందుల్లోకి మెల్లగా పారుతుంది. వేడికి ఇంకా పారుతుంది, ఎండ తగిలితే గట్టిపడి మరకగా మిగులుతుంది. అందుకే 1988లో త్రీఎం నీలి రంగు టేపు తెచ్చింది. పట్టు కొంచెం తక్కువ, ఎండకు ఓర్పు ఎక్కువ. మామూలు రకం 14 రోజుల వరకు, సున్నితమైన గోడల రకం 60 రోజుల వరకు శుభ్రంగా వస్తుందని కంపెనీ లెక్క. అది అన్ని గోడలకూ వర్తించదు. మే నెలలో పడమటి గోడ మీద వారం దాటి ఉంచవద్దని ఈ వ్యాసకర్త సలహా.

జపాన్‌లో కురాషికి పట్టణపు కమోయి కంపెనీ 1923లో ఈగలను పట్టే జిగురు కాగితంతో మొదలై, తరువాత మాస్కింగ్ టేపుకు మళ్లింది. 2008లో అలంకరణకు రంగురంగుల వాషి (జపనీ కాగితపు) టేపు అమ్మకానికి పెట్టింది. పిల్లల బొమ్మలు, ఫోటోలు గోడకు అంటించడానికి ఇంతకన్నా నెమ్మదైనది లేదు, బరువు మాత్రం మొయ్యదు. 1990లలో వచ్చిన సాగే పట్టీలు మరో తరహా. గోడకు సమాంతరంగా కిందికి లాగితే సాగి, పలచబడి వదులుతాయి. ఎదురుగా లాగితే లప్పం ఊడుతుంది.

ఎంచుకునేటప్పుడు

ముందు గోడను పరీక్షించండి. బీరువా వెనక గోడకు రెండంగుళాల టేపు నొక్కి, గంట ఆగి, వెనక్కి మడిచి గోడ వెంట నెమ్మదిగా లాగి చూడండి. రంగుల పరిశ్రమలోనూ పూత పట్టును పరీక్షించడానికి గళ్లు గీసి వాటి మీద టేపు వేసి లాగుతారు. టేపుకు పొడి వస్తే లోపం గోడదే, ఖరీదైన టేపు కొన్నా అది మారదు. మొండిగా అంటుకున్న టేపుకు జుట్టు ఆరబెట్టే యంత్రంతో కాస్త వెచ్చదనం తగిలిస్తే బంక మెత్తబడుతుంది. పుట్టినరోజు బెలూన్లకు బ్రౌన్ టేపు, డబుల్ సైడ్ టేపు గోడకు వేయనివ్వకండి. దారం కట్టి కిటికీ ఊచలకు వేలాడదీయమనండి. అద్దె ఇళ్లలో ఉన్నవారికి ఇది మరీ అవసరం. ఇక వెల్ల వేసిన పాత ఇళ్లకు ఇప్పటికీ ఏ టేపూ పనికిరాదు. అక్కడ పటానికి మేకు, కాగితానికి మైదా బంకే సరైనవి.