హాజరు పుస్తకం

పోస్టు కొంచెం పెద్దదే. డ్యూటీ దిగాక, టీ పెట్టుకుని నిదానంగా చదవండి.

"మీ మిలిటరీ వాళ్లకి ఏడాది పొడుగునా ఏదో ఒక మీటింగే కదా" అని మా బిల్డింగులో కుర్రాళ్లు నవ్వుతుంటారు. నిజమే. మేము పదిహేను, పదిహేడేళ్లు ఆర్మీలో చేసి, నలభై దాటకముందే పింఛను మీద దిగిపోయి, పిల్లల చదువులకు ఆ పింఛను చాలక కువైట్ వచ్చి మళ్లీ ఒక గేటు ముందు నిలబడ్డవాళ్లం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్లం ఇరవై మంది దాకా ఉంటాం. మాది రిజిస్టరైన సంఘం కాదు. బోర్డు లేదు, హాలు లేదు. మహబూలాలో ఒక గది, ఒక పెద్ద గిన్నె, ఒక హాజరు పుస్తకం, అంతే. పరాయి దేశం కాబట్టి యూనిఫాం, మెడల్స్, నినాదాలు ఏవీ ఉండవు. తారీఖు ఏ వారం పడినా దానికి దగ్గరి శుక్రవారం కూడతాం. ఎందుకు కూడతామో, ఆ తారీఖులు ఎక్కడి నుంచి వచ్చాయో ఈసారి రాసి పెడుతున్నాం.

మా ఏడాది జనవరి 14తో మొదలవుతుంది. మీకు ఆ రోజు భోగో, సంక్రాంతో. మాకు మాజీ సైనికుల దినం కూడా. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో ఆ తారీఖున రిటైరయ్యారు. ఆయన పేరు మీద ఈ రోజును 2016 నుంచి జరుపుతున్నారు. మర్నాడు జనవరి 15 ఆర్మీ డే. 1949లో ఆ రోజున కరియప్ప, జనరల్ రాయ్ బుచర్ చేతి నుంచి సైన్యం బాధ్యత తీసుకున్నారు. మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి ఆయనే. ఒక పక్క అరిసెలు, ఒక పక్క బడాఖానా. ఇంటి పండుగను మిస్సయ్యే బాధ ఆ రోజు కొంచెం తగ్గుతుంది.

ఆ రోజు కుర్రాళ్లు ఎవరైనా వస్తే ఒక సంగతి తప్పకుండా చెప్తాం. "తెలుగోళ్లకి మిలిటరీ ఎక్కడిదిరా" అనే మాట మేము ఉత్తరాది యూనిట్లలో చాలాసార్లు విన్నాం. కానీ పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యం నుంచి బెంగాల్‌కు వెళ్లిన సిపాయిల్లో మన ప్రాంతం వాళ్లు ఎంతమంది ఉన్నారంటే, అక్కడి జనం సిపాయిలను 'తిలంగా'లు అని పిలవడం మొదలెట్టారు. తర్వాత తర్వాత ఏ ఊరివాడైనా సిపాయి అయితే తిలంగానే. 1857లో ఢిల్లీలో తిరగబడిన సిపాయిలు మన వాళ్లు కాకపోయినా, ఢిల్లీ జనం వాళ్లనూ ఆ పేరుతోనే పిలిచారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు యుద్ధ జాతులని, కాని జాతులని లెక్కలు కట్టి, దక్షిణాది పటాలాలను వరసగా తగ్గించేశారు. 1758 నుంచి చరిత్ర ఉన్న మద్రాస్ రెజిమెంట్‌లో చివరికి మిగిలిన పటాలాన్ని కూడా 1928లో రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి మనుషులు కావాల్సి వచ్చాక మళ్లీ లేపారు. మన పేరు సిపాయికే పేరైంది. ఆ తర్వాత మనమే లెక్కలో లేకుండా పోయాం.

జూలై 26 కార్గిల్ విజయ దినం. ఇక్కడ అప్పుడు యాభై డిగ్రీల ఎండ. బయట పోస్టు మీద నిలబడి వచ్చినవాళ్లు పడుకోకుండా వస్తారు. మాలో ముగ్గురు 1999లో ఆ సెక్టార్లలో ఉన్నవాళ్లే. వాళ్లు ఎక్కువ మాట్లాడరు. హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు చదువుతాం. టోలోలింగ్ దగ్గరి పోరులో ఆ జూన్ 28న పోయారు, మహావీర చక్ర వచ్చింది. తర్వాత మా మా యూనిట్లలో పోయినవాళ్ల పేర్లు. ఆ రోజు బిర్యానీ ఉండదు, పప్పు, అన్నం, అప్పడం.

డిసెంబరులో మూడు రోజులు వస్తాయి. 4న నేవీ డే. 1971లో ఆ రాత్రి మన మిస్సైల్ బోట్లు కరాచీ మీద పడ్డాయి. అంతకు కొన్ని గంటల ముందు పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విశాఖ ఒడ్డు దగ్గరే మునిగిపోయింది. విక్రాంత్ కోసం వచ్చింది, లోపల ఉన్నవాళ్లలో ఒక్కరూ బయటపడలేదు. ఆర్కే బీచ్‌లో ఆ విజయానికి స్తూపం 1996లో కట్టారు. మేము మన వాళ్లతో పాటు ఆ సబ్‌మెరైన్‌లో పోయినవాళ్లను కూడా తలుచుకుంటాం. సముద్రంలో పోయినవాడికి దేశం ఏదైనా ఇంట్లో ఏడుపు ఒకటే. 7న జెండా దినం. 1949 నుంచి ఉన్నది. బళ్లో చిన్న జెండా ఇచ్చి చిల్లర తీసుకునేవారు, గుర్తుందా? ఎరుపు, ముదురు నీలం, లేత నీలం అంటే మూడు దళాలు. ఆ డబ్బు మాజీ సైనికుల, పోయినవాళ్ల కుటుంబాల కోసమే. 16న విజయ దినం. ఢాకాలో సుమారు 93,000 మంది లొంగిపోయిన రోజు. అప్పుడే మా బడాఖానా. ఎవరు వండినా మటన్‌లో కారం ఎక్కువే.

నవంబరును కావాలనే ఆఖరికి ఉంచాం. మా హాజరు పుస్తకం పుట్టింది ఆ నెలలోనే.

కొన్నేళ్ల కిందటి వరకు మేమూ తినడానికి, పాత కబుర్లకు కూడేవాళ్లం. ఒక నవంబరులో మాలో ఒక హవల్దారు నైట్ డ్యూటీ దిగి వచ్చి పడుకుని, లేవలేదు. ఆయన పనిచేసే చోట ఆయన ఒక సివిల్ ఐడీ నంబరు. ఊళ్లో భార్యకు ఆయన పింఛను నంబరు తెలీదు, ఏ యూనిట్టో తెలీదు, డిశ్చార్జ్ బుక్ ఏ పెట్టెలో ఉందో తెలీదు. పైగా ఆర్మీ కాగితాల్లో ఆమె పేరు ఇంట్లో పిలిచే పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఫ్యామిలీ పింఛను మొదలవడానికి పది నెలలు పట్టింది. ఆ పది నెలలూ ఆ వదిన ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కిందో ఆమెకే తెలుసు. మేము చందాలు వేసి పంపాం, అది నిజమే. కానీ ముందే ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసుకుని ఉంటే ఆ చందాలతో పని ఉండేది కాదు.

అప్పటి నుంచి నవంబరు మొదటి శుక్రవారం మాకు పుస్తకం రోజు. పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రం ఇచ్చే నెల కూడా అదే. 2014 నుంచి అది డిజిటల్ అయింది, ఫోన్‌లో ముఖం చూపించి కూడా చేయొచ్చు. రానివాళ్లకు వచ్చినవాళ్లు చేసి పెడతారు. తర్వాత ఒక్కొక్కరి పేజీ తిరగేస్తాం. ఆర్మీ నంబరు, యూనిట్, పీపీఓ నంబరు, భార్య పేరు కాగితాల్లో ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది, ఇంటి ఫోను, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ఎక్కడ. మార్పు ఉంటే దిద్దుతాం. ఆ పని అయ్యాకే గిన్నె దించుతాం.

ఆ రోజు ఉత్తరం వైపు ఒకసారి తిరిగి నిలబడతాం. అబ్దలీ సరిహద్దు దాటితే బస్రా. 1914 నవంబరులో మన సైనికులు అక్కడికి ఇంగ్లీషువాళ్ల కోసం యుద్ధానికి దిగారు. బెంగళూరు మద్రాస్ శాపర్లు కూడా ఆ యుద్ధంలో ఉన్నారు. కూత్ అనే ఊళ్లో 147 రోజుల ముట్టడి జరిగింది. గుర్రం మాంసం తిని బతికారు, తినలేనివాళ్లు ఆకలితో మాడారు, చివరికి 1916 ఏప్రిల్ 29న లొంగిపోయారు. సమాధి కూడా తెలియకుండా పోయిన 40,000 మందికి పైగా సైనికుల కోసం బస్రాలో ఒక స్మారకం కట్టారు. దాని మీద ఇంగ్లీషు సిపాయిల పేర్లు చెక్కారు. మన సిపాయిలకు వచ్చేసరికి ఆఫీసర్ల పేర్లు మాత్రం రాసి, మిగతావాళ్లకు ఫలానా పటాలం, ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. వందేళ్లు గడిచాక, 2021లో, ఆ స్మారకాలు చూసే కమిషనే విచారణ చేయించి, తప్పు జరిగిందని క్షమాపణ చెప్పింది.

క్షమాపణ మంచిదే. కానీ ఆ వందేళ్లలో ఆ సిపాయి భార్య పోయింది, కొడుకు పోయాడు, మనవడికి తాత పేరు కూడా తెలియకుండా పోయింది.

మేము ఏడాది పొడుగునా కూడేది ఇందుకే, తమ్ముళ్లూ. దేశభక్తి చూపించుకోవడానికి కాదు, బిర్యానీకి మాత్రమే కూడా కాదు. హాజరు పిలిచినప్పుడు ఒక గొంతు పలకకపోతే, "వాడేడీ?" అని అడిగే మనిషి ఒకడుండాలి. ఆర్మీలో మాకు నంబరు ఉండేది, ఇక్కడా నంబరే ఉంది. పేరు పెట్టి పిలిచేది ఆ గదిలోనే.

మీరు మిలిటరీ చేసి ఉండక్కర్లేదు. మేస్త్రీలు, డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసే అక్కలు, అందరికీ ఇదే లెక్క. ఈ శుక్రవారం మీ గదిలో ఒక నోటు పుస్తకం కొనండి. ఒక్కొక్కరికి ఒక పేజీ. పాస్‌పోర్టు నంబరు, ఊళ్లో ఇద్దరి ఫోన్లు, ఇన్సూరెన్స్ ఉంటే దాని కాగితం, బ్యాంకులో నామినీ పేరు. పేర్లు కాగితాల్లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. రాశాక ఫోటో తీసి ఇంటికి పంపండి.

ఆ తర్వాత తినండి. మా జనవరి బడాఖానాకు మీరూ రండి. అరిసెలు ఊరి నుంచి వస్తున్నాయి.