తిలంగా సిపాయి, తెలుగు సేనాని

గత హేమంతమున పనిమీద తుళ్లూరు పోయినప్పుడు ఒక రైతు ఇంటి అరుగుమీద కొంతసేపు కూర్చుంటిమి. ఆ ఊరి మెట్టచేలలో ఒకప్పుడు ప్రత్తి, మిరప విరివిగా పండెడివి. 2015లో రాజధాని నిర్మాణమునకై భూములను సమీకరించినప్పుడు ఆ వృద్ధుడును తన చేను ఇచ్చివేసెను. ఇప్పుడతని చేతిలో ప్లాటు కాగితములు కలవు గాని అరక లేదు. మనుమనికి వ్యవసాయము చూపు వీలు లేకపోయెను. మాటల నడుమ ఆయన మమ్ము ఇట్లడిగెను:

"మావాడు కోరుకొండ సైనిక్ స్కూలు పరీక్ష రాస్తానంటున్నాడండీ. మా కోడలికి ఇష్టం లేదు. ఇంతకీ మనవాళ్లలో ఆ చదువులు చదివి సైన్యంలో పైకొచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా? మనకు ఆ పనులు అచ్చిరావంటారు గదా!"

ఆ అరుగుమీద మేము క్లుప్తముగా చెప్పిన జవాబును ఇచ్చట కొంత విపులముగా చెప్పుచున్నాము.

అచ్చిరావని మన పూర్వులెవరును అనినట్లు కనబడదు. తుళ్లూరునుండి పడమరగా పోయినచో పలనాడు తగులును. అచ్చట కారెంపూడిలో ఏటేటా కార్తికమాసమున పలనాటి యుద్ధమున పడిన వీరులకు ఉత్సవము జరుగుచునే యున్నది. వారి కొణతములకు నేటికిని పూజ కలదు. అట్టి సీమకు ఈ మాట వెలుపలినుండి వచ్చినది. ఎప్పుడు వచ్చినదో ఇంచుమించుగా చెప్పవచ్చును.

1756 చివర క్లైవు మద్రాసునుండి ఓడలలో వంగదేశమునకు తరలినప్పుడు వెంట దక్షిణదేశపు సిపాయిలు పోయిరి. 1757 జూనులో ప్లాసీయందు నిలిచినవారిలో వారు కలరు. ఉత్తరదేశపు జనులు ఆ సిపాయిలకు తెలుగుదేశపు పేరు పెట్టి 'తిలంగా'లనిరి. క్రమముగా ఆ పేరు కుంఫిణీ ఎఱ్ఱకోటు తొడిగిన ప్రతివానికిని చెల్లెను. 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలు చాలమట్టుకు అయోధ్య ప్రాంతపు రైతుబిడ్డలు. తెలుగు ముక్క ఎరుగనివారు. అయినను నాటి ఢిల్లీ ఉర్దూ రచనలలో వారు తిలంగాలే. సిపాయి అను మాటకు మారుమాటగా ఒక జాతి పేరు నిలిచిపోవుట సామాన్య విషయము కాదు.

కుంఫిణీ ఈ దేశమున కాలూనుటయు మనవారి బలముతోనే జరిగెను. 1758లో విజయనగరము ఆనందరాజు ఫ్రెంచివారిమీద సాయము కోరగా క్లైవు కర్నల్ ఫోర్డును పంపెను. ఆ సంవత్సరము డిసెంబరులో పిఠాపురము చేరువనున్న చందుర్తి యొద్ద ఫ్రెంచివారోడిపోయిరి; మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్టణము పోయెను. విజయనగరపు రాజవంశము మాట మరల వచ్చును. శ్రోతలు మరువకుందురు గాక.

1857 తరువాత దొరల లెక్క మారెను. పంజాబు, నేపాళము, వాయవ్యపు కొండలు, అచ్చటి జనులే యుద్ధమునకు పుట్టినవారను సిద్ధాంతము బలపడెను. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సేనాధిపతిగాను, పిమ్మట 1893 వరకు భారత సేనాధిపతిగాను ఉండిన రాబర్ట్సు ప్రభువు ఈ మతమునకు పెద్ద ఆచార్యుడు. దక్షిణమున చిరకాలము శాంతి నిలిచినది. సేనకు పని తగ్గినది. ఆ శాంతినే ఆయన పిరికితనముగా లెక్కగట్టెను. ఒరలో తుప్పుపట్టిన కత్తిని చూచి ఇనుమే మంచిది కాదనినట్లున్నది ఈ తర్కము! దానివలన మద్రాసు పటాలములలో కొన్ని పేరు మారి పంజాబు పటాలములయ్యెను. మొదటి మహాయుద్ధము ముగిసిన కొన్ని ఏండ్లకు మిగిలినవియు రద్దయ్యెను.

సిపాయి కొలువు పోవుటతో నష్టము ఆగలేదు. భారతీయులకు అధికారి పదవులు తెరచిన కాలమున దాని ఫలితము పూర్తిగా బయటపడెను. 1918లో ఇంగ్లండులోని శాండ్‌హర్స్టు కళాశాలలో ఏటికి పది స్థానములు మనవారికిచ్చిరి. అందుకు బాలురను చిన్ననాటనే సిద్ధపరచుటకు 1922 మార్చి 13న డెహ్రాడూనులో రాయల్ ఇండియన్ మిలిటరీ కళాశాల వెలసెను. పదునొకండు, పండ్రెండేండ్ల పిల్లలను తీసికొని పెంచిన ఆ కళాశాల పేరుపొందిన సేనానులనిచ్చెను: కొడగు బిడ్డ తిమ్మయ్య, బేవూరు, తొలి పరమవీరచక్రము పొందిన సోమనాథ శర్మ. తరువాత పాకిస్తాను వైమానిక దళమునకు నాయకుడైన అస్గర్ ఖానును అచ్చటివాడే. 1932 అక్టోబరులో నలుబది మందితో ఇండియన్ మిలిటరీ అకాడమీయు ఆరంభమయ్యెను. ఈ ద్వారములకు 'తెలుగువారు రాకూడదు' అను పలక ఎవరును వ్రేలాడగట్టలేదు. అక్కరయును లేకపోయెను. సిపాయి లేని ఊరిలో సుబేదారు ఉండడు; సుబేదారు లేని ఊరి పిల్లవానికి డెహ్రాడూను పేరు చెప్పువారెవరు? తిలంగాల పేరు ఉత్తరమున మాటగా మిగిలి, తిలంగాల మనుమలకు ఆ దారియే తెలియకపోయెను.

రెండవ మహాయుద్ధమున అధికారులు చాలక ప్రభుత్వము ద్వారములను వెడల్పు చేసెను. ఆ విధముగా 1942 ఆగస్టులో కొలువున చేరిన యువకుడు కొటికలపూడి వెంకట కృష్ణారావు. అది క్విట్ ఇండియా నెల. ఆ నెల 12వ తేదీన మన గుంటూరు జిల్లా తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు ప్రాణములు విడిచిరి. ఒక తెలుగు యువకుడు అదే నెలలో ఆ ప్రభుత్వపు పట్టా పుచ్చుకొనుటను ఎట్లు చూడవలెనని కొందరడుగుదురు. తెనాలిలో పడినవారిని తలచుకొనుటకును, కృష్ణారావు సేవను తలచుకొనుటకును ఒకే హృదయము చాలునని మా అభిప్రాయము.

ఆయన చేరినది మహార్ పటాలము. ఇందొక విశేషము కలదు. కుంఫిణీ కాలమున సిపాయిలుగా పేరొందిన మహార్‌లను సైతము 1890ల తొలినాళ్లలో పనికిరారని సేననుండి తొలగించిరి. అంబేడ్కరు తండ్రి రాంజీ ఆ పాత సేనలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. అంబేడ్కరు మొదలగువారి కృషివలన 1941లో ఆ పటాలము తిరిగి పుట్టెను. పనికిరాదనిపించుకొన్న సీమనుండి వచ్చినవాడు పనికిరాదనిపించుకొన్న కులమువారికి అధికారియైనాడు!

స్వాతంత్ర్యానంతరము 1949లో త్రివిధ దళముల బాలురకు కలిపి శిక్షణ యిచ్చు విద్యాలయమును డెహ్రాడూనులో నెలకొల్పినప్పుడు ఆయన దాని తొలి బోధకులలో ఒకడు. అదియే తరువాత ఖడక్‌వాస్లాకు తరలిన నేషనల్ డిఫెన్స్ అకాడమీ. తనకు బాల్యమున లభింపని చదువును ఇతరుల పిల్లలకు చెప్పెను. 1971 యుద్ధమున ఎనిమిదవ పర్వత డివిజనుకు నాయకుడై సిల్హెట్ రంగమున పోరెను. డిసెంబరు 7న గూర్ఖా పటాలమొకటి హెలికాప్టర్లలో శత్రువుల చేరువనే దిగి, కొలదిమందితో రోజుల తరబడి నిలిచినది ఆ డివిజనులోనిదే. 1975లో సేన పునర్వ్యవస్థకు ఏర్పడిన సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. కవచవాహనములపై కదలు పదాతిదళమునకు అచ్చట పునాది పడెను. 1981 జూన్ 1 మొదలు 1983 జూలై 31 వరకు భారత స్థలసేనకు ప్రధానాధిపతి. తరువాత ఈశాన్య రాష్ట్రములకును, జమ్మూ కాశ్మీరునకును గవర్నరు. 2016 జనవరి 30న గతించెను.

ఒక్కనివలన దారి ఏర్పడదు. దారికి పాఠశాల కావలెను. రక్షణమంత్రి కృష్ణమేనోన్ సంకల్పించిన సైనిక్ పాఠశాలలలో మొదటిది 1961 జూనులో సాతారాలో తెరచిరి. 1962 జనవరి 18న మన కోరుకొండ పాఠశాల ఆరంభమయ్యెను. అందుకు తమ కోటను ఇచ్చినవారు విజయనగరము పి. వి. జి. రాజు గారు. రెండువందల నాలుగేండ్లకు పూర్వము ఇంగ్లీషు సేనను పిలిచిన వంశమువారే తెలుగు బాలురు సేనానాయకులగుటకు ఇల్లు ఇచ్చిరి. చరిత్రలో ఇట్టి లెక్కలు తరచుగా సరిపోవు.

ఇచ్చట సుబేదారు తండ్రి అక్కరలేదు. పరీక్షలో నెగ్గిన ఏ ఊరి పిల్లవాడైనను ఆరవ తరగతిలో చేరి, తెల్లవారుజామున లేచుట మొదలు అకాడమీ ప్రవేశపరీక్షవరకు నేర్చుకొనును. అట్లు సూర్యాపేటనుండి వచ్చి చదివినవాడు బిక్కుమళ్ల సంతోష్ బాబు. కోరుకొండనుండి ఖడక్‌వాస్లా, అచ్చటనుండి డెహ్రాడూను. 2004 డిసెంబరులో బీహార్ రెజిమెంటు పదునారవ పటాలమున అధికారి. తుదకు ఆ పటాలమునకే నాయకుడు. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో, తుపాకి పేలని పోరాటములో, రాళ్లతోను ఇనుప కడ్డీలతోను జరిగిన ఘర్షణలో ప్రాణములర్పించెను. ఆ రాత్రి మనవారు ఇరువదిమంది నేలకొరిగిరి. 2021లో ఆయనకు మహావీరచక్రము ప్రకటించిరి.

ఈ రెండవ పేరును ఆ అరుగుమీద చెప్పుటకు కొంత తటపటాయించితిమి. లోపల గడపచాటున కోడలు వినుచున్నదని మాకు తెలియును. మొదటి పేరును మాత్రము చెప్పి లేచివచ్చుట సులభము. కాని అది సగము జవాబగును. చెప్పితిమి. వృద్ధుడు కొంతసేపు మాటాడలేదు. పిల్లవాడు బడి అట్లాసు తెచ్చి గల్వాన్ ఎక్కడ అని అడిగెను. వానికి లడఖ్ చూపితిమి; ఆ చిన్న పటమున నదికి పేరు వేయలేదు.

అంతలో అతని చెల్లెలు, అయిదవ తరగతి పిల్ల, ఆడపిల్లలు ఆ పరీక్ష వ్రాయవచ్చునా యని అడిగెను. 2021 మొదలు సైనిక్ పాఠశాలలన్నిటిలోను బాలికలను చేర్చుకొనుచున్నారనియు, 2022లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరిన యువతులలో పదునేడుగురు 2025 మే నెలలో శిక్షణ ముగించి వెలువడిరనియు చెప్పితిమి. తాత నవ్వి కోడలివైపు చూచెను.

"ముందు వాడి సంగతి తేలనివ్వండి మామయ్యా" అని ఆమె లోపలికి పోయెను.