సడలిన కండరములు, ఆగిన ఊపిరి

కడుపు కోసి చికిత్స చేయునపుడు రోగికి మత్తు కలిగిన చాలదు. కండరములు కూడ సడలవలెను. పూర్వము ఇందుకై ఈథరు, క్లోరోఫారములను హెచ్చు మోతాదులో ఇచ్చెడివారు. అది ప్రాణాపాయకరము. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్ నగరమున గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అను వైద్యులు, దక్షిణ అమెరికా వేటగాండ్రు బాణములకు పూసెడి క్యురారేను ఈ పనికి వాడిరి. 1951లో ఐరోపా వైద్యులు సక్సినైల్‌కోలిన్‌ను వాడసాగిరి. ఇది ఒక నిమిషములో పనిచేసి, పది నిమిషములలోపల విరమించును.

ఈ విరమణకు కారణమేమి? కాలేయములో తయారై రక్తములో చేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము ఆ మందును ముక్కలు చేయును. కొందరికి పుట్టుకతోనే ఇది పనిచేయదు. వారిలో ఊపిరి కండరములు గంటల తరబడి కదలవు. 1957లో కెనడా శాస్త్రజ్ఞుడు కాలో, ఈ ఎంజైములోని వంశపారంపర్య భేదములను గుర్తించు పరీక్షను ప్రకటించెను.

ఈ కథ మనకు దూరమైనది కాదు. కోయంబత్తూరు వైశ్య సమాజములో ఇంచుమించు 24 మందిలో ఒకరికి ఈ ఎంజైము బొత్తిగా పనిచేయదని పరిశోధకులు కనుగొనిరి. ఐరోపా, అమెరికాలలో ఇట్టివారు లక్షకొకరు. ఎంజైము గొలుసులో 307వ స్థానమున ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరుటయే కారణమని 2006లో ప్రకటించిరి. తరతరములుగా తమలో తామే వియ్యమందుచుండిన సమాజములలో ఒకే లోపము తల్లినుండి, తండ్రినుండి ఒకే బిడ్డకు చేరు అవకాశము హెచ్చు. ఇతరత్రా వీరు ఆరోగ్యవంతులే.

ఆర్యవైశ్యుల సంప్రదాయమునకు మూలస్థానము గోదావరి సీమలోని పెనుగొండ. బందరు, గుడివాడ, దివిసీమలలోను వారి కుటుంబములు కలవు. కోయంబత్తూరు లెక్కను బందరుకు అట్లే అన్వయింపరాదు. కాని శస్త్రచికిత్సకు ముందు ఆ ప్రశ్న అడుగుట అవసరము.

దీనిని ఎలర్జీతో కలుపరాదు. తీవ్రమైన ఎలర్జీలో శరీర రక్షణవ్యవస్థ మందును శత్రువుగా ఎంచి, హిస్టమిన్ మున్నగువానిని ఒక్కుమ్మడిగా విడుదల చేయును. రక్తపుపోటు పడిపోవును, శ్వాసనాళములు బిగుసుకొనును. దీనికి 1902లో రిషే, పోర్టియే అనువారు అనాఫిలాక్సిస్ అని పేరిడిరి. సక్సినైల్‌కోలిన్ కొందరిలో దీనిని కూడ కలిగించును. అపుడు వెంటనే అడ్రినలిన్ ఈయవలెను. ఎంజైము లోపమున్నవారికి అడ్రినలిన్‌తో పనిలేదు. మత్తులోనే ఉంచి, యంత్రముతో ఊపిరి ఇచ్చుచు మందు ప్రభావము తొలగువరకు వేచియుండవలెను.

కావున రక్తసంబంధీకులలో ఎవరికైనను ఆపరేషను తరువాత ఊపిరి ఆలస్యముగా వచ్చియున్నచో, ఆ సంగతి మత్తు వైద్యునికి ముందే చెప్పవలెను. రక్తపరీక్షతో లోపము బయటపడును. వేరు మందు వాడవచ్చును.