శ్రీహరికోట దీవియు యానాదుల చరిత్రమును

శ్రీహరికోట యనఁగానే నేఁటివారికి అంతరిక్షయానము స్ఫురించును. ఆ దీవియందు యానాదులు తరతరములుగా వసించుచు వచ్చిరనియు, వారి చరిత్రము ద్వీపవాసులఁ గూర్చిన శాస్త్రవిచారమున కొక మేలైన యుదాహరణమనియు నెఱిఁగినవారు కొలఁదిమంది. ఈ దీవికిఁ దూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు ఎల్లలు. చిరకాలము నెల్లూరు మండలమునకుఁ జేరియుండిన యీ ప్రదేశము, 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీని ఏర్పడిన తిరుపతి జిల్లాలోఁ జేరెను. కావున నిది తిరుపతి, చిత్తూరు ప్రాంతముల పండితులకుఁ దమ యింటివిషయమే.

ద్వీపములను బండితు లేల యింత శ్రద్ధతోఁ బరిశోధింతురు? దీవికి హద్దులు స్పష్టములు, జనసంఖ్య పరిమితము, రాకపోకలు లెక్కకు వచ్చునవి. అందుచేత నొక మార్పునకుఁ గారణమేదో, ఫలమేదో వేఱుపఱుచుట పెద్దనేలయందుకంటె సులభము. డార్విను 1835లో గలాపగోసు దీవులకుఁ బోయి, అచ్చటి పక్షులలో దీవిదీవికిని గల భేదములను గమనించి, జీవపరిణామవాదమునకు ఆధారములు గ్రహించెను. మనుష్యసంఘములఁ గూర్చి రాడ్‌క్లిఫ్-బ్రౌను 1906–08 నడుమ అండమానులయందును, మలినోవ్‌స్కీ 1915–18 నడుమ ట్రోబ్రియాండు దీవులయందును బరిశోధనలు సలిపిరి.

అయితే దీవి యనఁగా లోకముతో సంబంధము లేనిదని తలఁచుట పొరపాటు. మలినోవ్‌స్కీ 1922లోఁ బ్రకటించిన గ్రంథమున ‘కులా’ యను వినిమయము వర్ణింపఁబడినది. అందు చిప్పలహారము లొక దిక్కుగను, చేతికడియములు దాని కెదురుదిక్కుగను దీవినుండి దీవికిఁ దిరుగుచుండును. ఆ జనులకు సముద్రము గోడ కాదు, బాట. ఈ న్యాయమును శ్రీహరికోటకు నన్వయించి చూతము.

థర్‌స్టను 1909లోఁ బ్రకటించిన దక్షిణహిందూదేశ జాతుల గ్రంథమున యానాదులఁ గూర్చి విపులమైన ప్రకరణము కలదు. కఱ్ఱను గఱ్ఱతో మథించి నిప్పు పుట్టించుట, తేనెపట్టులు తీయుట, మూలికల గుణము లెఱుఁగుట మున్నగునవి యందుఁ గానవచ్చును. దానినిఁ జదివినవారికి వీరు ఆదికాలమునుండి మార్పులేక నిలిచినవారని తోఁచుట సహజము. కాని చెన్నపట్టణమునకు వంటచెఱకు సమకూర్చుటకై 1835లోనే ప్రభుత్వము ఈ దీవిని స్వాధీనపఱచుకొనెను. యానాదులు అడవినుండి సేకరించి తెచ్చిన వస్తువులకుఁ బ్రతిఫలముగా ధాన్యము మొదలగునవి యొసంగఁబడుచుండెను. అనఁగా థర్‌స్టను గ్రంథము వెలువడునాఁటికి 74 సంవత్సరములుగా ఆ యడవి పట్టణపు పొయ్యిలకు లోఁబడియున్నది. ప్రాచీనజీవనమని మనము భ్రమించునది కొంతవఱకు పరిపాలనాఫలము. చరిత్రకారుఁడు దీవినుండి నేర్వవలసిన మొదటి పాఠ మిదియే.

పేరులును సాక్ష్యము పలుకును. యానాది శబ్దము ‘అనాది’ నుండి పుట్టెనని యొక జనశ్రుతి కలదు. వారిలో రెడ్డి యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు మొదలగు భేదములు గ్రంథస్థములై యున్నవి. రెడ్ల యిండ్లఁ బనిచేసినవారి పేరు సేద్యగాండ్రతోడి సంబంధమును, అడవివారి పేరు నివాసమును, కప్పలవారి పేరు తిండినిఁ దెలుపుచున్నవి. ఇందుఁ గొన్ని పొరుగువారు పెట్టినవని యూహింపఁదగును. కావున నీ పేరులు యానాదుల చరిత్రమునకే గాక, వారినిఁ జూచిన మన దృష్టికిని సాక్ష్యములు.

1969లో నీ దీవి రాకెట్టుల ప్రయోగమునకై యెన్నుకొనఁబడెను. తూర్పుతీర మగుటచేఁ బ్రయోగమునకు భూభ్రమణవేగము తోడ్పడును, ఎదుట సముద్రము విశాలము, జనము పలుచన. 1971 అక్టోబరు 9వ తేదీని మొదటి రోహిణి రాకెట్టు ఎగసెను. 2002లో నా కేంద్రమునకు సతీశ్ ధవన్ పేరు పెట్టఁబడెను. దేశమునకు దానివలనఁ గలిగిన కీర్తి నెవ్వరు కాదనఁగలరు? కాని ‘జనము పలుచన’ యను మాట నొక్కింత విచారింపవలయును. వేఁటాడియు మూలికలు త్రవ్వియు బ్రదుకువారికి విస్తారమగు నడవియే పొలము. అది వట్టి బయలు కాదు. దీవిలోని పల్లెలు ఖాళీచేయింపఁబడెను. యానాదులలోఁ గొందఱు దీవియందే వేఱుచోట్ల నిలుపఁబడిరి. ఈ మార్పును బరిశీలించి అగ్రవాలు మొదలగు మువ్వురు పండితులు 1985లో నొక గ్రంథమును వెలువరించిరి. అంతకు ముందే వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో యానాదులఁ గూర్చి ప్రత్యేకగ్రంథము వ్రాసియుండిరి.

ఈ గ్రంథములు రెండును ఇంగ్లీషున నున్నవి. యానాదులు మాటలాడునది తెలుఁగు. వారి నోటనున్న చెట్ల పేరులు, చేఁపల పేరులు, ఇసుకతిన్నెలకును మడుఁగులకును గల పేరులు మన నిఘంటువులలో నెన్ని చేరినవి? అడవిలోఁ దిరుగుట తగ్గినకొలఁదిని ఆ మాటల యవసరము తగ్గును. అవసరము తగ్గిన మాటను మనుమలు నేర్వరు. సూళ్లూరుపేట, తడ, శ్రీకాళహస్తి ప్రాంతముల పాఠశాలలయందలి పండితులు తమ తరగతిలోని యానాది బాలురను ‘మీ తాత యీ చెట్టు నేమనును?’ అని యడిగి వ్రాసికొన్నచో, ఆ పని దూరపుద్వీపములకు నోడలెక్కి పోయిన పరిశోధకుల పనికిఁ దీసిపోదు. ఆ తాతలు జీవించియుండఁగనే యిది జరుగవలయును.