డేరా ఆకాశంలో లైసెన్సుల చరిత్ర

1937 జూలై 22న దుబాయ్ పాలకుడు షేక్ సయీద్ బిన్ మక్తూమ్ కాలంలో ఒక పౌర విమానయాన ఒప్పందం కుదిరింది. ఆ నగరంలోని రెండు భాగాలైన డేరాకూ బర్ దుబాయ్‌కూ నడుమ పారే సముద్రపు పాయలో, ఇప్పుడు అందరూ క్రీక్ అని పిలిచే ఆ నీటిలో, బ్రిటిష్ సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి ఫ్లయింగ్ బోట్లు, అంటే నీటి మీద దిగే విమానాలు, దిగడానికి అనుమతి దొరికింది. కాపలావాళ్ల జీతాలతో కలిపి అద్దె నెలకు 940 రూపాయలు. అప్పట్లో ఆ తీరమంతటా చెలామణీ అయింది భారత రూపాయే. మొదట వారానికొక సర్వీసు, తూర్పున కరాచీకి, పడమట ఇంగ్లండులోని సౌతాంప్టన్‌కు. 1938 ఫిబ్రవరి నాటికి వారానికి నాలుగు విమానాలు క్రీక్ నీళ్లను తాకుతున్నాయి.

ఒప్పందం నీటికి, కాపలాకు, అద్దెకు సంబంధించినది. విమానం నడిపే మనిషికి ఆ అర్హత ఉందో లేదో తేల్చే అధికారం మాత్రం దుబాయ్‌కి లేదు. 1892 నాటి ఒప్పందాల ప్రకారం ఆ ఎమిరేట్ల విదేశీ వ్యవహారాలు బ్రిటన్ చేతిలో ఉండేవి. క్రీక్‌లో దిగిన ఎంపైర్ తరగతి ఫ్లయింగ్ బోట్లు బ్రిటన్‌లో నమోదైనవి. వాటి కెప్టెన్ల దగ్గర ఉన్నది బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ ఇచ్చిన ‘బి’ లైసెన్సు. సరదాకు ఎగిరేవారికి ‘ఎ’, డబ్బు తీసుకుని జనాన్నీ సరుకునూ మోసేవారికి ‘బి’. డేరా ఒడ్డున నిలబడి ఆ విమానాలను చూసినవారి ఊళ్లో పైలట్‌ను పరీక్షించే కార్యాలయం అనేదే లేదు. అది ఏర్పడటానికి ఇంకా అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. దుబాయ్ విమానయాన చరిత్రను విమానాశ్రయాల వైశాల్యంతో, విమానాల సంఖ్యతో చెప్పడం రివాజు. పైలట్ చేతిలో ఎవరి సంతకం ఉన్న కాగితం ఉందన్న వైపు నుంచి చూస్తే, అదే చరిత్ర ఇంకా నిజాయితీగా కనిపిస్తుంది.

ఆ కాగితం కూడా అప్పటికి ముప్ఫయ్యేళ్ల వయసుది కాదు. మొదట్లో పైలట్లకు యోగ్యతాపత్రాలిచ్చింది ప్రభుత్వాలు కావు, క్లబ్బులు. బ్రిటన్‌లో రాయల్ ఏరో క్లబ్ మొదటి సర్టిఫికెట్‌ను 1910 మార్చి 8న మూర్ బ్రాబజాన్‌కు ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919 అక్టోబరు 13న పారిస్‌లో సంతకాలైన వైమానిక ఒడంబడిక ఈ పనిని దేశాల మధ్య చట్టంగా మార్చింది. దాని అనుబంధాల్లో ఒకటి పైలట్‌కు ఉండాల్సిన కనీస అర్హతలను రాసిపెట్టింది. 500 మీటర్ల దూరంలో పాతిన రెండు స్తంభాల చుట్టూ 8 అంకె ఆకారంలో అయిదుసార్లు తిరగాలి. ఇంజన్ ఆపి జారుతూ వచ్చి, చెప్పిన చోటుకు దగ్గరగా దిగాలి. ప్రయాణికులను మోయదలిస్తే వీటికి తోడు రాత్రిపూట అరగంట ఎగరాలి. వైద్య పరీక్ష తప్పనిసరి. నేటి పరీక్షలతో పోలిస్తే ఇవి చిన్నవే. కానీ ఒక దేశం ఇచ్చిన కాగితాన్ని మరో దేశం నమ్మవచ్చన్న ఆలోచన మొదలైంది ఇక్కడే.

భారతదేశంలో ఈ పద్ధతి కిందే జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా నుంచి మొదటి నంబరు సర్టిఫికెట్ అందుకున్నారు. 1934లో విమాన చట్టం, 1937లో విమాన నియమాలు వచ్చాయి. క్రీక్ ఒప్పందం కుదిరిన ఏడాదే వచ్చిన ఆ నియమాలు సవరణలు పొందుతూ భారత పైలట్ల లైసెన్సులకు నేటికీ ఆధారంగా ఉన్నాయి.

నేర్పేవాడికి ప్రమాణం ఉండాలన్న ఎరుక కొంత ఆలస్యంగా, చాలా ప్రాణనష్టం తర్వాత కలిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన పైలట్లలో ఎందరినో శత్రువును చూడకముందే శిక్షణలోనే పోగొట్టుకుంది. యుద్ధంలో అలసిపోయినవారిని, గాయపడినవారిని నేర్పే పనికి పంపేవారు. ఎలా నేర్పాలో వారికెవరూ నేర్పలేదు. విమానం అదుపు తప్పి గిరగిరా తిరిగితే ఏం చేయాలో చెప్పేకంటే అటువైపు పోవద్దని చెప్పడమే పాఠంగా ఉండేది. 1917లో రాబర్ట్ స్మిత్ బ్యారీ అనే అధికారి ఇంగ్లండులోని గాస్పోర్ట్‌లో దీన్ని తలకిందులు చేశాడు. ఆవ్రో 504 విమానంలో శిష్యుడికీ గురువుకూ చెరొక కంట్రోలు. గాలిలో మాట వినబడేందుకు ఇద్దరి మధ్య ఒక గొట్టం. ప్రమాదకరమైన స్థితులన్నిటినీ కావాలనే కల్పించి, వాటిలోంచి బయటపడటం నేర్పడం. అన్నిటికీ మించి, శిష్యుల కంటే ముందు గురువులకు పాఠశాల పెట్టడం. నేటి ఇన్‌స్ట్రక్టర్ రేటింగులన్నిటికీ మూలం గాస్పోర్టే. పైలట్ లైసెన్సు చరిత్రలో అంతటి మార్పు తెచ్చిన మనిషి ఇంకొకరు లేరనడం అతిశయోక్తి కాదు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 డిసెంబరు 7న, షికాగోలో కొత్త ఒడంబడిక కుదిరింది. దాని 32వ అధికరణం ఒక చిన్న వాక్యంతో ప్రపంచంలోని పైలట్లందరినీ కట్టివేసింది. విమానం ఏ దేశంలో నమోదైందో, ఆ దేశం ఇచ్చిన లేదా ఆ దేశం చెల్లుతుందని ఒప్పుకున్న లైసెన్సు పైలట్ దగ్గర ఉండాలి. అతని పౌరసత్వంతో గాని, విమానం ఎక్కడ దిగుతుందనే దానితో గాని పని లేదు. ఈ ఒడంబడిక కింద ఏర్పడిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో, 1948 ఏప్రిల్ 14న సిబ్బంది లైసెన్సుల ప్రమాణాలను ఆమోదించింది. అదే అనెక్స్ 1. నేటి రూపంలో దాని లెక్కలు విమానయాన విద్యార్థులందరికీ కంఠతా వచ్చినవే. ప్రైవేట్ లైసెన్సుకు 17 ఏళ్ల వయసు, 40 గంటలు. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు, 200 గంటలు. గుర్తింపు పొందిన కోర్సులో అయితే 150. పెద్ద విమానాల కెప్టెన్ కావడానికి కావలసిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు 21 ఏళ్లు, 1,500 గంటలు. ఇవి కనీసపు మెట్లు మాత్రమే; దేశాలు వీటికి పైన తమ నియమాలను కట్టుకోవచ్చు.

డేరా పక్కన నేల మీద విమానాశ్రయం వచ్చింది 1960లో. షేక్ రషీద్ బిన్ సయీద్ 1959లో ఆజ్ఞాపించగా, 1960 సెప్టెంబరు 30న అది ప్రారంభమైంది. గట్టిపరిచిన ఇసుక మీద 1,800 మీటర్ల రన్‌వే. డగ్లస్ డీసీ 3 లాంటి విమానాలకు సరిపోయేది. 1965లో 2,800 మీటర్ల తారు రన్‌వే తెరుచుకుంది. పెద్ద జెట్లు వచ్చాయి. లైసెన్సులు మాత్రం అప్పటికీ వచ్చిన విమానాలతోపాటు బయటి దేశాల నుంచి వచ్చేవే.

1971 డిసెంబరు 2న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఏర్పడింది. 1972లో ఐకావో సభ్యదేశమైంది. సభ్యత్వంతోపాటు తోక మీద రాసుకోవడానికి ‘ఎ6’ అన్న గుర్తు, దానితోపాటు 32వ అధికరణం మోపే బరువూ వచ్చాయి. ఎ6 విమానాన్ని నడిపే ప్రతి పైలట్ బాధ్యత ఇక ఈ కొత్త దేశానిదే. కాగితం మీద అధికారం వచ్చినంత తేలికగా దాన్ని నిర్వహించే యంత్రాంగం రాదు. వైద్య పరీక్షకులు కావాలి, ప్రశ్నపత్రాలు కావాలి, అన్నిటికీ మించి పరీక్షించే అనుభవజ్ఞులు కావాలి.

ఆ అవసరం ఎమిరేట్స్ ఎయిర్‌లైన్‌తో ఒక్కసారిగా పెరిగింది. 1985 అక్టోబరు 25న దాని మొదటి విమానం దుబాయ్ నుంచి కరాచీకి ఎగిరింది. ఒక బోయింగ్ 737, ఒక ఎయిర్‌బస్ ఎ300 పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ నుంచి అద్దెకు వచ్చాయి. సాంకేతిక, పరిపాలనా సాయమూ ఆ సంస్థదే. 1937లో క్రీక్ నుంచి కరాచీకి వెళ్లిన దారే అది, ఈసారి డేరా వైపు రన్‌వే మీంచి. 1991లో 20వ నంబరు ఫెడరల్ చట్టం పౌర విమానయానానికి దేశమంతటికీ ఒకే చట్టాన్నిచ్చింది. 1996లో 4వ నంబరు చట్టంతో జనరల్ సివిల్ ఏవియేషన్ అథారిటీ, అంటే జీసీఏఏ, ఏర్పడింది. లైసెన్సు ఇవ్వడం, నిలిపివేయడం, శిక్షణ సంస్థలను ఆమోదించడం, పరీక్షకులను నియమించడం దాని పని. ఫ్లయింగ్ బోట్లు దిగిన దాదాపు 60 ఏళ్లకు, లైసెన్సు మీద సంతకం ఆ నేలకే చెందింది.

జీసీఏఏ నియమాలు యూరప్ నియమాలకు చాలా దగ్గరగా నడుస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ల విషయంలో ఆ తరహా నియమాలు ఎంత జాగ్రత్త పడతాయో గమనించదగ్గది. చిన్న విమానం మీద మొదటి పాఠాలు చెప్పేవాడు ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్. పెద్ద విమానాల్లో ఒక్కో రకాన్ని నడపడం నేర్పేవాడు టైప్ రేటింగ్ ఇన్‌స్ట్రక్టర్. సిమ్యులేటర్‌లో మాత్రమే నేర్పే అనుమతి ఉన్నవారు వేరు. బాగా నడిపినంత మాత్రాన బాగా నేర్పగలడని ఏ నియమమూ నమ్మదు. యూరప్ పద్ధతిలో ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ కాదలచినవాడు 125 గంటల తరగతి చదువు చదవాలి. అందులో 25 గంటలు బోధన, అభ్యసనల మీదే. తర్వాత 30 గంటలు గాలిలో నేర్పడం సాధన చేయాలి. అర్హత వచ్చాక కూడా కొత్త ఇన్‌స్ట్రక్టర్ మరొకరి పర్యవేక్షణలోనే పనిచేస్తాడు. శిష్యుణ్ణి మొదటిసారి ఒంటరిగా ఆకాశంలోకి పంపే నిర్ణయం అతని చేతికివ్వరు. 100 గంటలు నేర్పి, శిష్యుల ఒంటరి ప్రయాణాలు 25 పర్యవేక్షించిన తర్వాతే ఆ కట్టడి తొలగుతుంది. ఒంటరిగా పంపడమన్నది ఒక ప్రాణాన్ని గురించిన తీర్పు. ఆ తీర్పుకు పరిపక్వత కావాలన్నది ఈ నియమంలోని మానవత్వం. ఇక నేర్పినవాడే పరీక్షించకూడదన్న సూత్రంతో ఎగ్జామినర్ల శ్రేణి వేరుగా ఉంటుంది.

లైసెన్సు ఒకసారి వస్తే సరిపోదు. ఎయిర్‌లైన్ పైలట్ ఏడాదికి రెండుసార్లు తన నైపుణ్యాన్ని మళ్లీ నిరూపించుకోవాలి. దుబాయ్‌లో ఈ పరీక్షలు ఎక్కువగా జరిగేది విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న గర్హూద్‌లోని సిమ్యులేటర్ కేంద్రాల్లో. ఒక ఇంజన్ మండటం, రన్‌వే మీద బ్రేకులు పనిచేయకపోవడం లాంటివి అక్కడ నేల మీదే కల్పించి చూస్తారు. గాస్పోర్ట్‌లో స్మిత్ బ్యారీ గాలిలో చేసిన పనిని ఇప్పుడు ఎవరి ప్రాణానికీ ముప్పు లేకుండా చేయగలుగుతున్నారు.

లైసెన్సు షరతుల్లో ఒకటైన ఆంగ్ల భాషా ప్రమాణం పుట్టుక భారతదేశపు నేల మీద జరిగిన దుర్ఘటనతో ముడిపడి ఉంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. ఆంగ్లం సరిగా అర్థం కాకపోవడం అందులో ఒక కారణంగా తేలింది. ఐకావో ఆ తర్వాత ఆంగ్ల నైపుణ్యానికి ఆరు స్థాయిల కొలత తయారుచేసి 2008 మార్చి 5 నుంచి అమల్లోకి తెచ్చింది. అంతర్జాతీయ విమానాలకు నాలుగో స్థాయి కనీసం. దాన్ని మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు. ఎన్నో దేశాల పైలట్లు ఒకే కాక్‌పిట్‌లో కూర్చునే దుబాయ్‌లో ఈ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు.

నియమాలు ఎంత పటిష్ఠంగా ఉన్నా శిక్షణలో ఖాళీలు మిగిలిపోవచ్చని 2016 చూపింది. మార్చి 19న ఫ్లైదుబాయ్ విమానం రష్యాలోని రోస్తోవ్‌లో దిగలేక రెండోసారి మళ్లీ పైకి లేచే ప్రయత్నంలో కూలి 62 మంది మరణించారు. ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన ఎమిరేట్స్ బోయింగ్ 777 దుబాయ్ రన్‌వేను తాకి మళ్లీ ఎగరబోయింది. చక్రాలు నేలను తాకాక ఆటోమేటిక్‌గా ఇంజన్ల బలం పెంచే స్విచ్ పనిచేయదు. ఆ సంగతి గమనించేలోపే విమానం కిందికి జారి మంటల్లో చిక్కుకుంది. అందులోని 300 మందీ బతికారు. అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు ప్రాణం కోల్పోయారు. జీసీఏఏ దర్యాప్తు 2020లో ప్రచురించిన తుది నివేదిక పైలట్ల తప్పును చెప్పడంతో ఆగలేదు. ఆటోమేషన్ మీద పెరిగిన ఆధారపడటాన్నీ, రన్‌వే తాకిన తర్వాత మళ్లీ పైకి లేచే సందర్భాన్ని శిక్షణ తగినంతగా పట్టించుకోకపోవడాన్నీ ఎత్తిచూపింది. మనిషిని నిందించి వదిలేయక, అతనికి నేర్పిన తీరును ప్రశ్నించడం ఒక నియంత్రణ సంస్థ ఎదుగుదలకు నిదర్శనం.

అదే ఏడాది కాగితం మీది నమ్మకానికే పరీక్ష వచ్చింది. 2020 జూన్‌లో పాకిస్తాన్ విమానయాన మంత్రి తమ దేశపు పైలట్లలో 262 మంది లైసెన్సులు అనుమానాస్పదమని పార్లమెంటులో ప్రకటించారు. తర్వాత వారిలో చాలామంది లైసెన్సులు సక్రమమైనవేనని తేలింది. అయినా జీసీఏఏ తమ దేశంలో పనిచేస్తున్న పాకిస్తానీ లైసెన్సుదారుల వివరాలు ధ్రువీకరించమని ఆ దేశాన్ని అడగాల్సి వచ్చింది. భారతదేశమూ 2011లో ఇలాంటి అవమానాన్నే చూసింది; నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సు పొందిన పైలట్లు అప్పుడు అరెస్టయ్యారు. పారిస్‌లో 1919లో మొదలైన పరస్పర నమ్మకం, పరీక్షించేవాడి నిజాయితీ ఉన్నంతవరకే నిలుస్తుంది.

2017లో ఎమిరేట్స్ తన శిక్షణ అకాడమీని దుబాయ్ సౌత్‌లో సొంత రన్‌వేతో తెరిచింది. సిరస్ ఎస్‌ఆర్ 22, ఫీనమ్ 100 విమానాల మీద అక్కడ కొత్త పైలట్లు తయారవుతున్నారు. బయటి లైసెన్సులతో మొదలైన ఊరు ఇప్పుడు తన లైసెన్సును తానే మొదటి పాఠం నుంచి నిర్మిస్తోంది. హైదరాబాద్ బేగంపేటలోనో మరెక్కడో 200 గంటలు పూర్తిచేసి గల్ఫ్ వైపు చూసే తెలుగు యువతకు ఈ చరిత్ర నేరుగా తగులుతుంది. భారత లైసెన్సు ఎ6 విమానం మీద దానంతటదే చెల్లదు. దాన్ని జీసీఏఏ గుర్తించాలి లేదా మార్చి ఇవ్వాలి. లాగ్‌బుక్‌లోని ప్రతి గంటా అక్కడ పరిశీలనకు వస్తుంది కాబట్టి, ఆ గంటలను మొదటి రోజు నుంచే నిజాయితీగా రాసుకోవాలి.