పిల్లికి పెట్టిన బిచ్చము

పరమలోభిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మనవారు “వాడు పిల్లికి కూడ బిచ్చము పెట్టడు” అందురు. ఈ మాటలో ఒక చరిత్రాంశము ఇమిడియున్నది. పిల్లికి పెట్టునది గ్రాసము కాదు, బిచ్చము. ఆవునకు కుడితి, ఎద్దునకు ఉలవలు లెక్క ప్రకారము పెట్టిన గృహస్థుడు పిల్లికేమి పెట్టవలెనని తల బ్రద్దలు కొట్టుకొనలేదు. మిగిలిన పాలన్నమో, చేపముల్లో ఒక మూల వేసెను. చాలనిదానిని అది ఎలుకలతో పూరించుకొన్నది. ఈ ఏర్పాటు ఒక్క మన దేశముననే కాదు, పిల్లి యున్న ప్రతి దేశమునను ఇంచుమించు ఇట్లే సాగినది.

పిల్లిని మనుష్యుని దరికి చేర్చినది ధాన్యపు గాదె. గింజలున్నచోటికి ఎలుక, ఎలుకయున్నచోటికి పిల్లి వచ్చినవి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనుష్యుని ప్రక్కనే పూడ్చిన పిల్లి యస్థిపంజరము దొరికినట్లు 2004లో పురాతత్త్వజ్ఞులు ప్రకటించిరి. ఆ ద్వీపమున పిల్లులు సహజముగా లేవు గనుక ఎవరో పడవలో తెచ్చియుండవలెను. చీనాలో 5,300 సంవత్సరముల నాటి యొక గ్రామమున దొరికిన పిల్లి యెముకలను పరీక్షింపగా, వానిలో ఒకటి మాంసము తక్కువగాను చిరుధాన్యము ఎక్కువగాను తిన్నట్లు తేలినది. మనుష్యుడు తన కూటిలో దానికి పాలు పెట్టెనని పండితులు సంతోషించిరి. తరువాత 2016లో, ఆ యెముకలు నేటి పెంపుడు పిల్లివి కావు, చిరుతపిల్లి యను వేఱొక అడవిజాతివని తేలినది! మన యింటి కూడు తినుటకు మన జాతి పిల్లియే కానక్కరలేదన్నమాట.

ఈజిప్టు వారి పిల్లిభక్తి లోకవిదితము. అక్కడ నఖ్త్ అను నతని సమాధి గోడపై కుర్చీక్రింద కూర్చుండి చేపను తినుచున్న పిల్లి చిత్రము నేటికిని చూడవచ్చును. క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమున ఆ దేశమునకు పోయిన గ్రీకు చరిత్రకారుడు డియొడోరస్, అచ్చటివారు రొట్టెను పాలలో చిదిపి నోటితో చప్పుడు చేసి పిల్లులను పిలిచి పెట్టుదురనియు, లేదా నైలునదిలో పట్టిన చేపలను పచ్చివిగనే కోసి వేయుదురనియు వ్రాసినాడు. మొదటిది మన పాలన్నమునకు అన్నగారే. దేవతగా పూజించిన పిల్లికిని మొదట తోచినది తమ పళ్ళెములోని తిండియే యగుట గమనింపదగినది.

ఇంక 19వ శతాబ్దపు లండను. అక్కడ ఉడికించిన గుఱ్ఱపు మాంసమును పుల్లలకు గ్రుచ్చి వీధివీధిని పిల్లులకొఱకు అమ్మువారుండిరి. వారి కేకను పిల్లులు గుర్తుపట్టెడివట. కాని ఆ నగరపు తపాలాశాఖ కథ మాకు ఇంకను రుచికరముగా తోచినది. 1868లో మనియార్డరు కార్యాలయమున ఎలుకలు కాగితములు కొఱుకుచుండగా మూడు పిల్లులను నియమించిరి. వాని పోషణకు వారమునకు రెండు షిల్లింగులు కావలెనని అధికారి వ్రాయగా, పైవారు ఒక్క షిల్లింగు మాత్రమే మంజూరు చేసి, తక్కిన జీతము ఎలుకల రూపమున రాబట్టుకొనవలెనని సెలవిచ్చిరి. 1929లో బ్రిటిష్ హోమ్ శాఖ తన కార్యాలయపు పిల్లికి రోజునకు ఒక పెన్నీ చొప్పున ఇచ్చినది. ఆకలిగొన్న పిల్లియే వేటాడునని ఈ ప్రభువుల సిద్ధాంతము. అది నిజము కాదు, కడుపు నిండిన పిల్లియు వేటాడును. అయినను ఆ పిసినారితనము తెలియకయే ఒక మేలు చేసినది: పిల్లి ఎలుకలను తినుట మానలేదు.

1860 ప్రాంతమున జేమ్స్ స్ప్రాట్ అను అమెరికనుడు ఇంగ్లండులో కుక్కల బిస్కత్తులు చేసి అమ్మ మొదలుపెట్టెను. తరువాత డబ్బా మాంసము, ఎండు పలుకులు వచ్చినవి. పిల్లులు గాదెలు విడిచి మేడలెక్కినవి, ఎలుక దూరమైనది. అప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు.

1975లో అమెరికా శాస్త్రజ్ఞులు, పాలలోని కేసీను తప్ప వేఱు మాంసకృత్తు లేని ఆహారముతో పెంచిన పిల్లుల కంటిపొర క్షీణించి చూపు పోవుచున్నదని ప్రకటించిరి. కారణము టౌరిన్ అను పదార్థము కొఱవడుట. 1827లో ఎద్దు పిత్తమునుండి తొలుత వేఱుచేయబడుటచే దానికి ఆ పేరు వచ్చినది. కుక్క దీనిని తన దేహములోనే తగినంత తయారుచేసికొనగలదు. పిల్లికి ఆ శక్తి చాలదు. అది మాంసమునుండియు, చేపనుండియు, ముఖ్యముగా ఎలుకనుండియు దానిని పొందవలసినదే. కుక్కల ఆహారముపై పెరిగిన పిల్లులకును కండ్లు చెడినవి. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారు ఇంకొక మాట చెప్పిరి. ఏటేట వేలకొలది పెంపుడు పిల్లులు గుండె ఉబ్బి చనిపోవుచున్నవి. వానిలో అనేకములు అంగడిలో కొన్న ఆహారమునే తినుచున్నవి. అందు నాటి ప్రమాణములకు సరిపడు టౌరిన్ ఉన్నది కూడ! ప్రమాణమే తక్కువయని తేలినది. టౌరిన్ ఇవ్వగా బ్రతికియున్నవాని గుండెలు తేరుకొన్నవి. తయారీదారులు పాళ్ళు పెంచిరి, ఆ వ్యాధి అరుదైనది. ప్రేమతో పెట్టిన తిండియే ప్రాణము తీసినదని ఆ యజమానులు తెలిసికొన్నప్పటి బాధ ఊహింపదగినది.

శాకాహార గృహములవారు కొందరు, మా తాతల నాటి పిల్లి పెరుగన్నముతోనే పదేండ్లు బ్రతికినదే యని అడుగుదురు. బ్రతికినది, కాని రాత్రివేళ అటకమీద అది ఏమి తిన్నదో తాతగారు చూడలేదు. నేడు అయిదవ అంతస్తున తలుపు వేసిన యింటి పిల్లికి అటక లేదు, ఎలుక లేదు, బల్లులును తక్కువే. దానికి పళ్ళెములోనిదే సర్వస్వము. కనుక మాంసముగాని చేపగాని ఉడికించి, ఉల్లి వెల్లుల్లి తగులకుండ పెట్టవలెను. కేవలము ఇంటి వంటతోనే పెంచదలచినవారు పశువైద్యుని అడిగి లోటు పూరించుకొనుట మంచిది. కొన్నచో, పిల్లులకని, పూర్ణాహారమని స్పష్టముగా వ్రాసియున్నదానినే కొనవలెను. పచ్చిచేప రోజును వేయుట ఈజిప్టు వారికి చెల్లినది గాని మనకు వలదు; కొన్ని చేపలలో బి-1 విటమినును నాశనముచేయు గుణమున్నది. పాలు పెరిగిన పిల్లులలో పెక్కింటికి అరుగవు. తెనాలి రామకృష్ణుని పిల్లి పాలగిన్నెను చూచి పరుగెత్తినందుకు రాయలవారు ఆశ్చర్యపడిరట. దాని ప్రక్కన ఒక గిన్నెడు మంచినీళ్ళు, రెండు చేపముక్కలు ఉంచియున్నచో అది చిక్కిపోయెడిది కాదు.